నా కుడిచేతికి శక్తి వచ్చిన పదకొండు రోజులు

నవ్వుకోవడానికి సిద్ధంగా కూర్చోండి. మధ్యలో ఎక్కడైనా నవ్వు ఆగిపోతే మాత్రం నన్ను తిట్టకండి. ఇది ఒక మనిషికి శక్తి ఎలా వచ్చింది, ఎన్నాళ్లుంది, పోతూ పోతూ ఏం పట్టుకుపోయింది అన్న కథ. ఆ మనిషిని నేనే. శక్తి అంటే పొద్దున లేచి నాలుగు బిందెలు మోసే శక్తి కాదండీ. టీవీలో వచ్చేది. నీలం వెలుగు, శంఖం మోత, ఒకే మొహాన్ని మూడు వైపుల నుంచి మూడుసార్లు చూపించే కెమెరా, ఆ శక్తి. నాకు వెలుగు రాలేదు, శంఖం మోగలేదు, కెమెరాలు లేవు కాబట్టి బతికిపోయాను. కానీ పటాన్‌చెరు పాత బజారులో ఆ పొద్దున ఉన్న పదిమంది మాత్రం కళ్లారా చూశారు. వాళ్లలో ఇద్దరు ఇప్పటికీ నేను ఎదురైతే కుడి అరచెయ్యి పైకెత్తి దీవిస్తారు.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. డిగ్రీ అయిపోయింది. బ్యాంకు పరీక్షలకు చదువుతున్నానని ఇంట్లో చెప్పాను. అబద్ధం కాదు, రోజూ సాయంత్రం ఏడున్నర దాకా చదివేదాన్ని. ఏడున్నరకు 'మెరుపు వంశం' సీరియల్ వచ్చేది.

ఆ సీరియల్ గురించి నాలుగు ముక్కలు చెప్పకపోతే నేను చేసిన పనికి అర్థం ఉండదు. (చెప్పాక కూడా ఉండదు, అది వేరే సంగతి.) ఒక జమీందారు ఇల్లు. ఆ వంశానికి మూలపురుషుడు బావి తవ్విస్తుంటే ఆయన కుడిచేతి మీద పిడుగు పడుతుంది. మీరో నేనో అయితే అక్కడికక్కడే బొగ్గయిపోతాం. ఆయనకు మాత్రం అరచేతిలో శక్తి పుడుతుంది. దేన్ని ముట్టుకుంటే దాని నిజం తెలిసిపోతుంది. పాల గిన్నె ముట్టుకుంటే విషం కలిపారో లేదో, కోడలి భుజం ముట్టుకుంటే మనసులో కుట్ర ఉందో లేదో చెప్పేస్తాడు. ఆ ఇంట్లో ఏ పాల గిన్నె చూసినా విషమే, ఏ కోడలి మనసు చూసినా కుట్రే. శక్తికి ఒక్క రోజు కూడా సెలవు దొరికేది కాదు.

పుట్టుక వరకు బాగానే ఉంది. చిక్కంతా వారసత్వం దగ్గర వచ్చింది. శక్తి తరానికి ఒక్కరికే పోతుంది. ఆ ఒక్కరు పెద్ద కొడుకే అని మొదట చెప్పారు. పెద్ద కొడుకు వేషం వేసే అబ్బాయి సీరియల్ మానేసి వెళ్లిపోయాక, కాదు కాదు, ఎవరి మనసు మంచిదైతే వాళ్లకే అన్నారు. దీని మీద మా ఇంట్లో జరిగినంత తగాదా మా సొంత ఇంటి భాగాల మీద కూడా జరగలేదు. మా నాయినమ్మకు ఆ వంశం వాళ్లంతా దగ్గరి చుట్టాలు.

"గట్లెట్ల మారుస్తరే? నిన్న పెద్దోనికన్నరు, ఇయ్యాల చిన్నోనికంటున్నరు. ముసలాయన బతికుండంగనే గింత అన్యాయమా?"

"నాయినమ్మా, పెద్దోడు సీరియల్ల లేడు. మానేసిండు."

"మానేస్తే? వాని పాలు వానికియ్యొద్దా?"

ఆ వంశంలో శక్తి ఉన్నవాళ్లకు ఒక పద్ధతి ఉండేది. వాళ్లు ఎవరినీ ఏమీ అడగరు. చెయ్యి పెడతారు, కళ్లు మూస్తారు, తెరుస్తారు, వేలు చూపిస్తారు. "శక్తి అడగదు, చెబుతుంది!" అని గట్టిగా అంటారు. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి. నా కొంప ముంచింది ఇదే.

ఇక మా వంశం సంగతి. మేం ధాన్యం కొనే వ్యాపారం వాళ్లం. కింద దుకాణం, పైన ఇల్లు. గుమ్మడిదల, లక్డారం వైపు నుంచి రైతులు మక్కలు, అంటే మొక్కజొన్నలు, కందులు, పెసలు తెస్తారు. గింజ ఎండిందా లేదా అన్నది మా వ్యాపారానికి ప్రాణం. తడి గింజ చేతికి చల్లగా తగులుతుంది, దాన్ని కొంటే వారంలో బూజు పడుతుంది, మొత్తం పోతుంది. మా బాపు దాన్ని చేత్తోనే కనిపెట్టేవాడు. బస్తా మూతి విప్పించి, చొక్కా మోచేతి దాకా మడిచి, కుడిచెయ్యి గింజల్లోకి దూర్చి, అలాగే ఉంచి రైతుతో ముచ్చట పెట్టేవాడు. ముచ్చట ఐదు నిమిషాలు కావచ్చు, పావుగంట కావచ్చు. అంతా అయ్యాక చెయ్యి బయటికి తీసి "ఎండినయ్, కాంట పెట్టు" అని తూకానికి పంపేవాడు. లేకపోతే "ఇంకో రెండెండలు తగలనియ్యి" అనేవాడు. ఆ మాటకు తిరుగులేదు. ఒక్కసారి కూడా తప్పు పోలేదు. చిన్నప్పటి నుంచి నాకు ఆ చెయ్యి అంటే గొప్ప. మధ్యలో ఆ ముచ్చట ఎందుకు, టైం దండగ అనిపించేది.

మా చేతికి కూడా ఒక పుట్టుక కథ ఉంది. అది చెప్పేది నాయినమ్మే. "మీ ముత్తాత కండ్లకు గుడ్డ కట్టినా సరే, గింజ వట్టుకొని ఏ ఊరిదో చెప్పేటోడు. ఆయన చెయ్యి మీ తాతకొచ్చింది. తాత చెయ్యి మీ బాపుకొచ్చింది."

"బాపు తర్వాత ఎవరికొస్తది?"

"అన్నకొస్తది. ఇంకెవరికొస్తది?"

మా అన్న రవి ఒక మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో పని చేస్తాడు. వాడికి చేతుల మీద నమ్మకం లేదు, మిషన్ల మీదే. ఒకరోజు తేమ కొలిచే మీటరు ఒకటి తెచ్చి బాపు కూర్చునే గద్దె మీద పెట్టాడు.

"బాపూ, గిండ్ల గుప్పెడు గింజలు పోస్తే తేమ ఎంతున్నదో చెప్తది. నువ్వు బస్తాలల్ల చెయ్యివెట్టుడు బందుజెయ్యి."

బాపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మంచిగున్నది బిడ్డా. చాయ్ తాగుతదా?"

"చాయేంది బాపూ?"

"ఏం లే, గట్లనే అడిగిన." అని దాన్ని తీసి అల్మారాలో పెట్టేశాడు.

చాయ్ అన్నాను కదా, ఇంకో మనిషి గురించి చెప్పాలి. గుమ్మడిదల ఎల్లయ్య తాత. మందుల కంపెనీ గోడ పక్కన ఆయనకు మూడెకరాల చెలక. చుట్టుపక్కల వాళ్లంతా అమ్ముకున్నా ఆయన అమ్మలేదు. ముప్పై ఏళ్లుగా ఆయన మక్కలు మా దుకాణంలో తప్ప ఇంకో చోట దిగలేదు. బాపు గద్దె పక్కన ఒక పొట్టి చెక్క స్టూలు ఉండేది. కొన్నది మేమే అయినా అది ఎల్లయ్య తాతది. ఇంకెవరు కూర్చోబోయినా బాపు "అది కాదు, గా కుర్చీ తీస్కో" అనేవాడు. తాత వస్తే ఇద్దరికీ రెండు రెండు చాయ్‌లు. బండి దించడం, కాంటా పెట్టడం అన్నీ చాయ్ తర్వాతే.

ఇప్పుడు అసలు కథ. వానాకాలం అయిపోయి మక్కలు రావడం మొదలైన రోజులు. బాపు మెట్ల మీద కాలు జారి పడ్డాడు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. మోచేతి దాకా తెల్లటి కట్టు వేసి, నెలన్నర కదిలించొద్దన్నారు. ఇంట్లో అందరికీ బాధ. నాకూ బాధే, ఒట్టు. కానీ అదే వారం 'మెరుపు వంశం'లో ఏం జరిగిందో చెప్పనా? జమీందారు ఇంటికి నిప్పంటుకుని ముసలాయన కుడిచెయ్యి కాలిపోయింది. రాజగురువు వచ్చి గడ్డం నిమురుకుంటూ చెప్పాడు. హస్తం గాయపడితే శక్తి అక్కడ ఉండదట. ఆ ఇంటి చిన్నబిడ్డను వెతుక్కుంటూ పోతుందట. గుర్తు ఏమిటంటే, ఆ బిడ్డ కుడి అరచెయ్యి దురద పెడుతుందట.

నేను అరచెయ్యి గోక్కుంటూ చూస్తున్నాను. నాయినమ్మ టీవీ మీంచి చూపు తిప్పింది.

"ఏందే, చెయ్యి గట్ల గోక్కుంటున్నవ్?"

"దురద నాయినమ్మా. రెండు దినాల సంది."

"ఏ చెయ్యి?"

"కుడిది."

నాయినమ్మ టీవీ వంక చూసింది. పక్క గదిలో చేతికి కట్టుతో పడుకున్న బాపు వంక చూసింది. నా వంక చూసింది. "ఓ యమ్మో!" అని చెంపలేసుకుంది. ఆ చెంపలేసుకోవడంతో నాకు శక్తి వచ్చినట్టు ఖాయమైపోయింది.

పరీక్ష లేకుండా ఒప్పుకున్నాం అనుకోకండి. నాయినమ్మ తన పాత చీర ముక్కతో నా కళ్లకు గంతలు కట్టి, నాలుగు గిన్నెల్లో గింజలు పోసుకొచ్చింది. ఒక్కో గిన్నె నా ముందు పెట్టింది. "గివి లక్డారం పెసలా కాదా చెప్పు" అంది. నేను చెయ్యి పెట్టి, గంభీరంగా "లక్డారం పెసలు" అన్నాను. "అయ్యో నా తల్లీ, ఎట్ల చెప్పినవే!" అని ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. నాలుగు గిన్నెలకూ ఇదే వరస. అడిగే ప్రశ్నలోనే జవాబు ఉందని ఆమెకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. బ్యాంకు పరీక్షలో కూడా ఇలాగే అడిగి ఉంటే ఈపాటికి మేనేజరునయ్యేదాన్ని.

దుకాణంలో ఎవరు కూర్చోవాలన్న మాట వచ్చింది. అన్నకు కంపెనీలో షిఫ్టు. మిగిలింది నేనే. బాపు మంచం మీద నుంచే చెప్పాడు.

"నువ్వు కూసో అనితా. మీటరు దగ్గర వెట్టుకో. తెల్వనిదేమన్నుంటే నన్ను పిలువు. ఎల్లయ్య వస్తే మాత్రం తప్పకుండ పిలువాలె. నేను దిగొస్త. మర్వకు."

"సరే బాపూ."

చూశారా, ఎంత తేలిగ్గా అన్నానో. ఇప్పుడు తలుచుకుంటే ఆ "సరే బాపూ" అన్న నోటి మీద నాకే ఒకటి వేసుకోవాలనిపిస్తుంది.

మీటరు అల్మారాలోనే ఉంది. నేను చున్నీ నడుముకు బిగించి, చెయ్యి మడిచి బస్తాలో పెట్టేదాన్ని. రైతు నోరు తెరవబోతే "మాట్లాడొద్దు" అనేదాన్ని. కళ్లు మూసి, లోపల పది లెక్కపెట్టి, కళ్లు తెరిచి "ఎండినయ్!" అనేదాన్ని. ఆ పది రోజులు మబ్బన్నదే లేదు, ఎండ దంచి కొట్టింది. వచ్చిన గింజంతా పొడిగానే వచ్చింది. నేను అందరికీ ఎండినయ్ అన్నాను, అందరివీ ఎండినవే. అన్న రోజూ షిఫ్టు దిగి వచ్చి మీటరుతో చూసి తల గోక్కునేవాడు. "ఎట్ల చెప్తున్నవే?" అంటే నేను జవాబు చెప్పకుండా నవ్వేదాన్ని. శక్తి ఉన్నవాళ్లు అలాగే నవ్వాలి కదా. నాకు చోటు సరిపోవడం లేదని ఎల్లయ్య తాత స్టూలును గోడకు నెట్టి, దాని మీద ఖాళీ సంచుల కట్ట పెట్టాను. బజారులో అప్పుడే పేరు కూడా వచ్చింది. "సేటు బిడ్డకు సేటు చెయ్యే వచ్చిందంట" అని ఎదురు దుకాణం వాళ్లు చూడ్డానికి వచ్చారు. నేను మీటరు వాడే వాళ్లను చూసి జాలిపడ్డాను.

పదకొండో రోజు పొద్దున నిద్ర లేచేసరికి అరచెయ్యి మంట. ఎర్రగా పొంగింది. నాయినమ్మ దాన్ని దీపం దగ్గర పెట్టి చూసింది.

"శక్తి ఎక్కువైతున్నదే నీకు. జెర సల్లవడాలె." అంటూ తన తలనొప్పి బామ్ డబ్బా తెచ్చి, సగం డబ్బా నా అరచేతికి పట్టించింది. ఆహా, ఎంత చల్లదనం! మంచుగడ్డ పట్టుకున్నట్టు ఉంది. ఆ చల్లటి చేత్తోనే కిందికి దిగాను.

దిగేసరికి ఆటో ట్రాలీ ఆగి ఉంది. ఎల్లయ్య తాత మక్కల బస్తాలు. ఆ ఏడాది ఆయన పంటంతా అదే. తాత తలకు చుట్టిన తువ్వాల విప్పి మొహం తుడుచుకుని, లోపలికొచ్చి స్టూలు కోసం చూశాడు. గోడ దగ్గర సంచుల కింద కనిపించింది. తువ్వాల భుజాన వేసుకుని నిలబడ్డాడు.

"సేటుకు చెయ్యి ఇరిగిందంట గద బిడ్డా. ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నది తాత. బస్తా ఇప్పు."

"ఇప్పుత. ఈసారి ఏమైందో తెల్సునా, మక్కలు కోసినంక మా ముసల్ది ఏమన్నదంటే…"

"మాట్లాడకు తాత. మాట్లాడితే తెల్వదు."

తాత బస్తా మూతి విప్పాడు. అప్పటికే ఎదురు దుకాణం వాళ్లు, ఇంకో నలుగురు రైతులు చుట్టూ చేరారు. నాకు ఒళ్లు పొంగింది. బాపును పిలవాలి అన్న మాట మనసులోకి రాలేదని చెబితే అబద్ధం అవుతుంది. వచ్చింది. ఇంతమంది ముందు బాపు దిగొస్తే నా శక్తి సంగతేం కావాలని దాన్ని పక్కన పెట్టాను. చెయ్యి బస్తాలోకి దూర్చాను. చల్లగా తగిలింది. ఇంకా లోపలికి పెట్టాను, ఇంకా చల్లగా తగిలింది. ఇంకో బస్తా, ఇంకో బస్తా. ఎక్కడ పెట్టినా మంచు. ఇన్నాళ్లకు శక్తి ఒక కుట్రను పట్టుకుంది!

కళ్లు తెరిచాను. వేలు చూపించాను. నిజంగానే చూపించాను, ముప్పై ఏళ్ల నుంచి మా ఇంటికి వస్తున్న పెద్దమనిషి మొహానికి ఎదురుగా.

"తడున్నది. నీళ్లు జల్లినవ్ తాత! బరువు కోసం నీళ్లు జల్లి తెచ్చినవ్!"

మా వ్యాపారంలో ధర దగ్గర ఎన్ని మాటలైనా అనుకుంటారు, అరుచుకుంటారు, మళ్లీ కలిసి చాయ్ తాగుతారు. కానీ నీళ్లు చల్లావన్న మాట మాత్రం అనరు. దొంగ అని పిలిచినట్టే అది. నాకు తెలుసు. ఈ వ్యాపారంలో పుట్టినదాన్ని, తెలియకపోవడం ఏమిటి.

తాత నా మొహం చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "సేటు లేడా బిడ్డా?"

"మందులేసుకొని పండుకున్నడు."

"జెర పిలువు. ఒక్కసారి."

"అక్కర్లేదు తాత. బాపు చెయ్యే ఇప్పుడు నాకొచ్చింది."

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరిని చూసి నవ్వారో నాకు అప్పుడు తెలియలేదు. తాత తువ్వాల మళ్లీ తలకు చుట్టుకున్నాడు. వంగి, బస్తాల మూతులు తనే ఒక్కొక్కటీ కట్టుకున్నాడు. ముసలి వేళ్లు, ముడి పడడానికి ఆలస్యమైంది. ఒక్కరూ సాయం పోలేదు, నేనూ పోలేదు. ఆటో ఎక్కే ముందు ఒక్క మాట అన్నాడు.

"సేటు లేచినంక చెప్పు బిడ్డా, ఎల్లయ్య వచ్చిపోయిండని."

మధ్యాహ్నం అన్న షిఫ్టు దిగి వచ్చాడు. నేను జరిగిందంతా విజయగాథలా చెప్పాను. అన్న నేల మీద రాలిన గింజలు ఏరి, మీటరులో పోసి చూశాడు. మళ్లీ చూశాడు.

"ఇవేనా ఎల్లయ్య తాత మక్కలు?"

"ఆఁ."

"ఎండి గలగలమంటున్నయ్ గదనే. తడెక్కడిది?" అని ముక్కు ఎగబీల్చాడు. "దుకాణమంత ఏందీ వాసన? ఏదీ, నీ చెయ్యి చూపియ్యి."

చూపించాను. వాడు వాసన చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"బామ్ రాసుకొని బస్తాల చెయ్యివెట్టినవానే? బామ్ రాసుకుంటే అగ్గిల వెట్టినా సల్లగనే ఉంటది!"

ఆ క్షణంలో నా శక్తి పోయింది. వెలుగు లేదు, శంఖం లేదు, బామ్ వాసన మాత్రం మిగిలింది. ఇంతకీ ఆ దురద సంగతి. సాయంత్రం డాక్టరమ్మ చేతిని ఒక్క నిమిషం చూసి, "కొత్త బట్టల సబ్బు ఏమైనా వాడుతున్నవా?" అంది. వాడుతున్నాను. బాపు పడ్డ రోజు నుంచి దుప్పట్లు నేనే ఉతుకుతున్నాను. మా వంశంలో శక్తి పుట్టుక అదీ. పిడుగు కాదు, సబ్బు.

బాపుకు నేనే చెప్పాను. ఏడుస్తూ చెప్పాను. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండేది. ఆయన కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని లేచి కూర్చున్నాడు.

"నీళ్లు జల్లినవన్నవా? అందరి ముందట?"

"అన్న బాపూ."

"ఎల్లయ్యనా?"

"చెయ్యికి సల్లగ తగిలింది బాపూ. నీ చెయ్యి నాకొచ్చిందనుకున్న."

"నా చెయ్యేంది బిడ్డా?" బాపు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "చేతికేం తెలుస్తది? పైపైన జెర తెలుస్తది, అంతే. నేను అడుగుత గద. ఎన్నడు కోసినవ్, ఎక్కడ ఎండవోసినవ్, మధ్యల వాన వడ్డదా అని అడుగుత. వాళ్లు చెప్తరు. తడుంటే తడున్నదనే చెప్తరు, నాతోని అబద్ధమాడరు. గా చెప్పిందే నేను మళ్ల చెప్త."

"మరి చెయ్యెందుకు వెడ్తవ్?"

"ఊకె నిలవడి అడిగితే పోలీసోళ్లు అడిగినట్టుంటది. బస్తాల చెయ్యివెట్టి అడిగితే ముచ్చట వెట్టినట్టుంటది."

"మరి ముత్తాత? కండ్లకు గుడ్డ కట్టినా…"

"ఆయన కండ్లకే కట్టిన్రు, నోటికి కట్టలే గద. ఆయన గూడ అడిగేటోడే."

గుమ్మంలో నిలబడి వింటున్న నాయినమ్మ చప్పుడు చేయకుండా వెళ్లిపోయింది. ఆ సాయంత్రం ఏడున్నరకు మా ఇంట్లో టీవీ పెట్టలేదు.

మర్నాడు పొద్దున బాపు కట్టు చేతితోనే ఆటో ఎక్కాడు, నేను పక్కన కూర్చున్నాను. గుమ్మడిదల దాటాక కంపెనీ గోడ పొడుగునా తారు రోడ్డు మీద మక్కలు ఎండబోసి ఉన్నాయి. పక్కన మంచాలు వేసుకుని ఆడవాళ్లు కాపలా కూర్చున్నారు. ఎల్లయ్య తాత భార్య ఆ మంచాల దగ్గరే మమ్మల్ని చూసి, ఇంట్లోకి తీసుకుపోయి చాయ్ పెట్టింది. తాత బాపు కట్టును రెండు చేతులతో పట్టుకుని చూశాడు.

"నొస్తున్నదా సేటు?"

"గది నొస్తలేదు ఎల్లయ్యా. పిల్ల తప్పు జేసింది. మాట వాపస్ తీసుకుంటందుకొచ్చినం."

"తప్పైంది తాత," అన్నాను. ముందు రాత్రంతా పొడుగ్గా తయారు చేసుకున్న మాటల్లో ఈ రెండే మిగిలాయి.

"పిల్లవు బిడ్డా. నాకు కోపం లేదు, చాయ్ తాగు."

"మక్కలేవి?" అన్నాడు బాపు.

"అమ్మిన సేటు. నిన్ననే, మెయిన్ రోడ్డు మీది దుకాణంల. మిషన్ వెట్టిండు, ఎండినయన్నడు, కాంట వెట్టిండు. నా మొఖం గూడ చూడలే."

"కానీ. వచ్చే పంటకైతే…"

తాత చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "సేటు, గా మిషన్ మంచిగున్నది. దానికి నేనెవరో తెల్వదు. అది తడి అన్నా నాకు పట్టింపు లేదు, మిషనే గద అనుకుంట. నీ దుకాణంల మాట వడితే పానం పోయినట్టున్నది. గీ వయసుల మళ్లొకసారి వడలేను."

బాపు తల ఊపాడు. ఆటోలో తిరిగి వస్తున్నంతసేపూ రోడ్డు పక్క మక్కలనే చూస్తూ కూర్చున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు, ఇప్పటిదాకా అనలేదు.

ఇది జరిగి నాలుగేళ్లయింది. బాపు చెయ్యి అతుక్కుంది. బ్యాంకు నన్ను వద్దనుకుంది కాబట్టి దుకాణం నేనే చూస్తున్నాను. అల్మారాలోని మీటరు ఇప్పుడు గద్దె మీదికి వచ్చింది. స్టూలు మీది సంచులు ఆ రోజే తీసేశాను. దాన్ని తుడిచి బాపు పక్కనే పెట్టాను, ఎవరూ కూర్చోరు. మక్కలు వచ్చే రోజుల్లో గుమ్మడిదల ట్రాలీ మా సందులోకి తిరిగిన చప్పుడైతే బాపు పేపరు దించి చూస్తాడు. కాదని తెలిశాక మళ్లీ పేపరు ఎత్తుకుంటాడు. నేను చూడనట్టు ఉంటాను. మా ఇద్దరికీ ఇది అలవాటైపోయింది.

పోయిన పంటకు తాత ఒక్కసారి వచ్చాడు. బాపు ఇంట్లో లేడు. గుమ్మం దగ్గరే నిలబడి, తువ్వాల కొంగున ముడి విప్పి, గుప్పెడు మక్కలు నా అరచేతిలో పోశాడు. బామ్ లేని అరచేతిలో.

"ఎట్లున్నయ్ బిడ్డా?"

నేను కళ్లు మూయలేదు. "ఎన్నడు కోసినవ్ తాత?" అని అడిగాను. ఎక్కడ ఎండబోశావు అన్నాను. అవ్వ ఏమన్నది అన్నాను. ఆ రోజు నేను ఆపేసిన చోటు నుంచి చెప్పినట్టే చెప్పాడు తాత. కోత, కూలీలు దొరకకపోవడం, కంపెనీ లారీ ఒకటి గింజల మీద నుంచి పోవడం, అవ్వ ఆ డ్రైవరును తిట్టిన తిట్లు. అర్ధగంట విన్నాను. గింజ గురించి నాకు ఇక ఏ మీటరూ అక్కర్లేకపోయింది.

"ఎండినయ్ తాత."

"మిషన్ వెట్టకుంటనే?"

"నువ్వు చెప్పినవ్ గద."

తాత నవ్వాడు. "సేటు బిడ్డవే." పరుగున పోయి రెండు చాయ్‌లు చెబుదామని చెప్పుల్లో కాలు పెట్టాను. ఆయన నా అరచేతిలోని గింజలు ఒక్కటీ కింద పడకుండా తిరిగి తువ్వాలలో పోసుకుని ముడేశాడు.

"బండి మెయిన్ రోడ్డు మీదనే దించిన బిడ్డా. ఈ పంట ఆయనకే ఇస్తనని మాటిచ్చిన."

మాటిచ్చాడు. ఎల్లయ్య తాత మాట అంటే ఏమిటో బజారులో నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు కదా, ఏమంటాను? చెప్పుల్లోంచి కాలు వెనక్కి తీసుకున్నాను.

కాబట్టి, ఈ గద్దె సాక్షిగా, గద్దె మీద ఉన్న మీటరు సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఏ శక్తి, ఏ తరం నుంచి, ఏ చేతి దాకా వచ్చినా తీసుకోను; గుమ్మంలోనే నిలబెట్టి, ఇంటి పెద్దవాళ్లను పిలిచి, వాళ్లకే అప్పజెబుతాను. ఈ మధ్య నాయినమ్మ కొత్త సీరియల్ మొదలుపెట్టింది. అందులో శక్తి కంట్లో ఉంటుందట, తాత కన్ను మూస్తే మనవరాలి ఎడమ కన్ను అదురుతుందట. పోయిన శుక్రవారం నుంచి నా ఎడమ కన్ను అదురుతోంది. నాయినమ్మ నన్ను ఎగాదిగా చూసి మళ్లీ చెంపలేసుకోబోయింది. ఆమె చెయ్యి చెంప దాకా చేరకముందే నేను కంటి డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. నిద్ర తక్కువైందన్నాడు.

నిద్ర తక్కువే మరి. మక్కలు వచ్చే రోజులు దగ్గర పడ్డాయి. స్టూలు కాలు ఒకటి కదులుతుంటే నిన్న వడ్రంగి దగ్గర బిగించి తెచ్చాను. బాపు దాని మీద ఎడమ చెయ్యి పెట్టి ఊపి చూసి, "మంచిగనే ఉన్నది, కూసోవచ్చు" అన్నాడు.